‘ఊ’ చివరి వంపు

“మా అబ్బాయి కాదండీ. ఆ అక్షరాలు చేసేది మా కోడలు.”

అత్తగారు ఆ మాట అనేసి, ఖాళీ ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళిన బోర్డుల కంపెనీ మేనేజర్ చెయ్యి అక్కడే ఆగింది.

చిట్టి గుమ్మం దగ్గర బిస్కట్ల ప్లేటుతో నిలబడిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టాలో, వెనక్కి తీసుకుపోవాలో తోచలేదు. భర్త వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

అంతకు ముందు దాకా మేనేజర్ మహా ఉత్సాహంగా ఉన్నాడు. ‘ఊయల’ పసిపిల్లల ఆసుపత్రి బోర్డుకి చేసిన అక్షరాలు అక్కడి డాక్టరమ్మకి తెగ నచ్చాయట. ఎవరు ఏం చూపించినా పెదవి విరిచే మనిషి తనంతట తనే ఫోన్ చేసిందట. ఆ మాట ఫోన్లో చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక, ఇంటికెళ్ళే దారిలోనే కదా అని ఇటు వచ్చాడు. ఏవో చిన్న మార్పులున్నాయి, రేపు ఉదయం ఆవిడే ఆఫీసుకి వచ్చి పక్కన కూర్చుని చేయించుకుంటుంది. “మీవాడి చేతిలో ఏదో ఉందమ్మా” అని ముసలావిడని కూడా ఆ సంతోషంలో కలుపుకోబోయాడు. దానికి ఆవిడిచ్చిన జవాబు అది.

“ఏమయ్యా, అమ్మగారు ఏమంటున్నారు?” అన్నాడు మేనేజర్ చివరికి.

“అంటే సార్... చిట్టి అప్పుడప్పుడు కాస్త సాయం...”

“కాస్తా?”

మేనేజర్ చిట్టి వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పమ్మా. ‘ఊయల’ అక్షరాలు ఎవరు చేశారు?”

అబద్ధం ఆడాలన్నా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి. ఆ సాయంత్రం చిట్టి దగ్గర అది లేదు.

“నేనే చేశానండి.”

“అంతకు ముందు ఆ పూల కొట్టు బోర్డు?”

“నేనే.”

“సంగీతం స్కూలుది?”

“అదీ నేనేనండి.”

మేనేజర్ కప్పు కింద పెట్టాడు. కోప్పడలేదు. నాలుగు కేకలేసినా బాగుండేదనిపించింది చిట్టికి. ఆయన లేచి, “రేపు ఇద్దరూ రండి. చేసేవాళ్ళే డాక్టరమ్మ పక్కన కూర్చోవాలి. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం” అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే, “కన్ను బాగైపోయిందన్నావు కదయ్యా” అన్నాడు. జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

తలుపు మూశాక మొదట మాట్లాడింది చిట్టే.

“ఏంటత్తయ్యా మీరు చేసిన పని?”

అత్తగారు వెనక్కి తిరగలేదు. టీ గిన్నె తోముతోంది. “ఉన్న మాటే అన్నాను.”

“ఉన్న మాట ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నారు కదా. ఇంకొన్నాళ్ళు దాచుకుంటే ఏం పోయేది?”

“దాచుకోవడానికి నా కడుపేమన్నా బీరువానా?”

“కొడుకు ఉద్యోగం పోతే మీకు సంతోషమా?”

“పోతే పోనీ.”

“ఎంత తేలిగ్గా అనేశారండీ.” చిట్టి గొంతు పెరగలేదు. పెంచుదామన్నా పెరిగేలా లేదు. “మీరైనా ఒక మాట అనండి” అంది భర్త వైపు తిరిగి.

అత్తగారి ముందు అతన్ని ‘మీరు’ అంటుంది. ఇద్దరే ఉన్నప్పుడు ‘నువ్వు’. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే ప్రింటింగ్ షాపులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశారు. ‘నువ్వు మౌస్ అలా పట్టుకుంటే ఈ జన్మకి సున్నా గుండ్రంగా రాదు’ అని అతను, ‘నీ సున్నాలు నువ్వు చూసుకో’ అని ఈమె, అలా మొదలైన నువ్వు అది. ఆ షాపులో చిట్టి చేసిన అక్షరాలంటే అతనికి అప్పట్లో అసూయ. ఆ అసూయ దాచుకోకుండా పైకి చెప్పేవాడు. అందుకే నచ్చాడు.

“ఇప్పుడు అని ఏం లాభం” అన్నాడు భర్త.

“లాభం లేకపోతే మానె. ఆవిడ చేసింది తప్పా కాదా?”

“వదిలెయ్ చిట్టీ.”

“మీకు వదిలెయ్యడానికి బాగానే ఉంటుంది. రేపు పొద్దున ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఎవరు? ఇంటి పని ఎవరు చేస్తారు? ఇంత జరిగాక ఆ మనిషి మొహం ఎలా చూడను నేను?”

అతను నుదురు రుద్దుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళాడు. కళ్ళు నొప్పిగా ఉన్నప్పుడు అలా రుద్దుకుంటాడు. మాట తప్పించుకోవాలన్నా అలాగే రుద్దుకుంటాడు. ఏది ఎప్పుడో తేల్చుకోవడం చిట్టి ఎప్పుడో మానేసింది.

పోయినేడాది వచ్చిన పాడు జ్వరం తగ్గుతూ తగ్గుతూ అతని కుడికంటి నరాన్ని దెబ్బతీసింది. వీధి చివర నడిచే మనిషి ఒక్కడిగానే కనిపిస్తాడు. కళ్ళెదుట ఉన్న గీత మాత్రం రెండుగా విడిపోతుంది. ఒక కన్ను మూసుకుని పనిచేద్దామంటే కాసేపటికే తల పగిలిపోతుంది. అక్షరాలు గీసే మనిషికి అంతకన్నా ఏం కావాలి? “కొన్నాళ్ళు నువ్వు చూసిపెట్టు చిట్టీ, కన్ను సర్దుకుంటుంది” అన్నాడు. కన్ను సర్దుకోలేదు. చిట్టే సర్దుకుంది.

అతను ఆఫీసు నుంచి ఫైలు పంపేవాడు. మధ్యాహ్నం చిట్టి అంట్లు తోముకుని, తిన్న బల్లే తుడుచుకుని, దాని మీద ల్యాప్‌టాప్ తెరిచేది. ఒక్కో అక్షరానికీ అవుట్‌లైన్ గీసి, ఆ గీత మీది పాయింట్లని ఒక్కొక్కటే పట్టి లాగి, వంపు నునుపు తేలాక రంగులు, నీడలు, తీగలు వేసేది. మధ్యలో ఫోనొచ్చేది. “ఇంకా కాలేదా? మేనేజర్ ఇటే వస్తున్నాడు” అని గుసగుసగా. ఆమె ముగించి పంపేదాకా అతను అక్కడ ఏదో పాత ఫైలు తెరుచుకుని మౌస్ కదుపుతూ కూర్చునేవాడు.

మొదట్లో సాయంత్రం వచ్చి, “నీ పూల కొట్టు బోర్డు నచ్చింది వాళ్ళకి” అనేవాడు. తర్వాత “పూల కొట్టుది నచ్చింది” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడో “నా సంగీతం స్కూలు బోర్డు చూశావా, ఎంత బాగా వచ్చిందో” అన్నాడు. చిట్టి అప్పుడు చపాతీలు ఒత్తుతోంది. చూశానంది.

ఆ పూట ముగ్గురూ మూడు వేళలకి తిన్నారు. కంచాలు మాత్రం ఎప్పటిలాగే చిట్టి ఒక్కతే తీసింది.

తెల్లవారి చిట్టి వంటింట్లో స్టవ్ దగ్గర పాలు చూస్తూ నిలబడి ఉంటే, అత్తగారు వచ్చి పక్కన నిలబడింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంది. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా.

“నిన్న నన్ను చాలా అన్నావు.”

“తప్పేనత్తయ్యా. ఏదో చిరాకులో...”

“తప్పనడం లేదు. అనాల్సిన మాటలే. మనిషే తప్పు.”

చిట్టి తలతిప్పి చూసింది.

“నేనేం నోరు జారలేదమ్మాయ్. వాడే చెప్పమన్నాడు.”

“ఎవరు?”

“మనింట్లో ‘వాడు’ అనడానికి ఎంతమంది ఉన్నారు?” ఆవిడ గట్టు మీద లేని మరకని కొంగుతో తుడుస్తోంది. “నిన్న ఆయన వస్తున్నానని ఫోన్ చేశాడు కదా. నువ్వు మేడ మీద బట్టలు తీస్తున్నావు. వాడు వచ్చి ఇదిగో, నువ్వు నిలబడిన చోటే నిలబడి, ‘అమ్మా, నా నోటితో నేను చెప్పలేను, నువ్వు అనెయ్యి’ అన్నాడు. పెద్దదాన్ని, ఏం వాగినా చెల్లుతుందనుకున్నాడు కాబోలు.”

“మరి నేను మిమ్మల్ని అన్నేసి మాటలు అంటుంటే...”

“విన్నాడు.”

“మీరు చెప్పొచ్చు కదా.”

“వాడు చెబుతాడేమోనని చూశాను.” ఆవిడ కొంగు దులిపి నడుముకి దోపుకుంది. “ఇంకా చూస్తున్నాను.”

చిట్టి పాలు పొంగకముందే స్టవ్ ఆపేసింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. లోపలి గదిలోంచి భర్త గొంతు వినిపించింది. “చిట్టీ, నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?”

“అయింది” అంది. “కుర్చీ మీదుంది.”

బోర్డుల కంపెనీలో కింద రేకులు కోసే యంత్రం, పైన అద్దాల గది. ఆ గదిలో భర్త కుర్చీ అతని ఎత్తుకి సర్ది ఉంది. చిట్టి కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. కుర్చీ కిందకి దించుకోవడం ఎలాగో అతను వంగి చూపించబోయాడు. ఈలోపే ఆమె దించేసుకుంది.

డాక్టరమ్మ గబగబా వచ్చింది. మెడలో స్టెత్‌స్కోప్ తీయడం కూడా మర్చిపోయినట్టుంది.

“ఈవిడెవరు?”

మేనేజర్ భర్త వైపు చూశాడు.

“నా భార్యండి. ఇవాళ ఈమె కూర్చుంటుంది” అన్నాడు అతను.

“ఎవరు కూర్చుంటే నాకేం, చెప్పింది అర్థమైతే చాలు. తెరవమ్మా.”

తెర నిండా ‘ఊయల’ పరుచుకుంది. అక్షరాలన్నీ గుండ్రంగా, గాలికి కాస్త ఊగి ఆగినట్టు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. ‘ఊ’ చివరి వంపు నుంచి సన్నటి తీగ ఒకటి మొదలై, ‘య’ తలకట్టు మీదుగా పాకి, ‘ల’ కింద ముడిపడింది. తీగ పొడవునా చిన్న చిన్న ఆకులు. మొత్తానికి బంగారు పూత పూసినట్టు మెరుపు.

“ముందు ఆ బంగారం తీసెయ్యండి” అంది డాక్టరమ్మ. “మా దగ్గరికి వచ్చేవాళ్ళు బిడ్డకి బాగోలేక ఏడుస్తూ వస్తారు. ఇది చూసి నగల కొట్టనుకుని పక్క సందులోకి పోతారు.”

చిట్టి మెరుపు ఉన్న లేయర్ ఆపేసింది. అక్షరాలు నలుపులో మిగిలాయి. మేకప్ కడిగేసిన మొహంలా ఉన్నాయి. ఇప్పుడే బాగున్నాయనిపించింది. ఆ బంగారం మేనేజర్‌కి ఇష్టమని భర్త వేయించినది.

డాక్టరమ్మ వెనక్కి నడిచి, గోడకి ఆనుకుని నిలబడింది. “ఇక్కడి నుంచి చూస్తే ఇది ‘ఉయల’.”

“ఊయలేనండి.”

“రాసినదానివి కాబట్టి నీకు అలా కనిపిస్తోంది. ఇలా వచ్చి చూడు.”

చిట్టి లేచి వెళ్ళి, ఆవిడ పక్కన నిలబడి చూసింది. నిజమే. ‘ఉ’ని ‘ఊ’ చేసే ఆ చివరి మెలిక, ఆకుల గుంపులో పడి కనిపించకుండా పోయింది. తను ముచ్చటపడి, ఒకటికి నాలుగుసార్లు తిప్పి తిప్పి పెట్టుకున్న ఆకులవి. ఇంట్లో ఆ బల్లకీ ఎదుటి గోడకీ మధ్య ఇంత ఎడం లేదు. తను చేసిన అక్షరాన్ని ఇంత దూరం నుంచి చూసి ఎన్నాళ్ళయిందో.

“మీరన్నది నిజమేనండి. దీర్ఘం మింగేశాను.”

“ఆకులు తీసేస్తే సరి.”

“తీసేస్తే తీగ ఎక్కడ మొదలైందో తెలీదు డాక్టరుగారూ. గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. ఆకులు రెండు వదిలేసి, వంపునే పైకి లాగుతాను. ఆకుల్లోంచి బయటికి వస్తుంది.”

“పైకి లాగితే అక్షరం పాడవదూ?”

“చూద్దామండి.”

కుర్చీలో కూర్చుని వంపు చివరి పాయింట్ పట్టుకుని లాగింది. గీత కోణం తేలింది.

“కొక్కెంలా ఉంది” అంది డాక్టరమ్మ భుజం మీంచి.

“ఆగండి. ఇంకా అవలేదు.”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని చిట్టికి ఆశ్చర్యమేసింది. ఎవరికైనా ‘ఆగండి’ అని చెప్పి చాలా కాలమైంది. మధ్యలో ఉన్న పాయింట్లు కొన్ని తీసేసింది. పాయింట్లు తగ్గే కొద్దీ గీత బిగువు వదిలి మెత్తబడింది. మిగిలిన రెండిటినీ అటూ ఇటూ జరిపితే, మెలిక ఆకుల మీదుగా లేచి, లోపలికి తిరిగి, హాయిగా కూర్చుంది. డాక్టరమ్మ మళ్ళీ గోడ దాకా నడిచి చూసి, “ఇంకొంచెం విప్పు, ముడుచుకుపోయింది” అంది. చిట్టి ఒప్పుకోలేదు. విప్పితే ‘య’ని గుద్దుకుంటుందని చూపించింది. కాసేపు వాదించుకున్నారు. చివరికి ‘య’నే కాస్త పక్కకి జరిపారు. ఇద్దరికీ కొంత కొంత నచ్చింది.

భర్త వెనక నిలబడి అంతా చూస్తున్నాడు.

“తీగ కొస అంత సన్నగా ఉంటే రేకు కోసేటప్పుడు విరిగిపోతుంది” అన్నాడు. “కొంచెం లావు చెయ్యాలి.”

అదీ నిజమే. రేకు సంగతి అతనికి బాగా తెలుసు. చిట్టి కొస లావు చేసింది.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. “ఇంతకీ మీరిక్కడ ఏం చేస్తారు?”

“మా డిజైనరండి” అన్నాడు మేనేజర్ నెమ్మదిగా.

“మరి ఈవిడ?”

మేనేజర్ మళ్ళీ భర్త వైపు చూశాడు. చిట్టి మౌస్ మీద చెయ్యి తీయకుండా తెర వైపే చూస్తూ కూర్చుంది. కింద యంత్రం ఆగి ఉంది. చెప్పడానికి ఇంతకన్నా వీలైన సమయం దొరకదు. అడిగింది కొత్త మనిషి, ఉన్నది నలుగురే, చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆ ముక్క నిన్న తల్లి చేత చెప్పించిన మనిషి వెనకాలే ఉన్నాడు. అతను గొంతు సవరించుకోవడం వినిపించింది.

“నాకు పనిలో సాయం చేస్తుంటుందండి.”

మేనేజర్ నేల చూపులు చూశాడు. డాక్టరమ్మ “అలాగా” అని ఫోన్ తీసి టైం చూసుకుంది.

చిట్టి ఫైలు సేవ్ చేసింది.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక, ఏ రేకు వాడాలో చూసి రమ్మని మేనేజర్ భర్తని కిందకి పంపాడు. తలుపు దగ్గరికి వేసి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

“చూడమ్మా, నేను మరీ అంత అమాయకుణ్ణి కాదు. కొన్నాళ్ళుగా అనుమానంగానే ఉంది. గంటల తరబడి ఒకే ఫైలు తెరుచుకుని కూర్చునేవాడు. జబ్బు పడి లేచిన మనిషి కదా అని అడగలేదు.” కాసేపు చేతులు నలుపుకున్నాడు. “సోమవారం నుంచి నువ్వు వచ్చెయ్యి. ఈ కుర్చీలో కూర్చో. నీ పేరు మీదే చెయ్యి. ఇంటికెళ్ళి ఆలోచించుకునే చెప్పు, తొందరేం లేదు.”

“వస్తానండి.”

అంత త్వరగా అనేస్తుందని ఆయన అనుకోలేదు. చిట్టీ అనుకోలేదు.

“మంచిది” అన్నాడు. ఆమె ఇంకేదో అంటుందన్నట్టు చూశాడు. “ఇంకేమైనా అడగాలా?”

అద్దంలోంచి కింద భర్త కనిపిస్తున్నాడు. రేకు ఒకటి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. చెయ్యి బాగా చాచి, మొహం వెనక్కి పెట్టి. నీలం చొక్కా మీద ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. చిట్టి అతన్ని చూస్తూనే ఉంది.

“లేదండి” అంది.

బస్ స్టాపులో బెంచీ ఖాళీగానే ఉన్నా ఇద్దరూ కూర్చోలేదు. అతనే మాట కలిపాడు.

“ఆవిడకి బాగా నచ్చింది.”

“ఊఁ.”

“ఆ వంపు భలే తిప్పావు. నేనైతే ఆకులే పీకేసేవాణ్ణి.”

“ఊఁ.”

“ఏంటి, ఒంట్లో బాలేదా?”

“అత్తయ్య చెప్పారు” అంది చిట్టి. “నువ్వే అనమన్నావట.”

అతను రోడ్డు అవతలికి చూశాడు. అక్కడ చూడ్డానికి మూసిన షట్టర్లు తప్ప ఏమీ లేవు.

“అలిసిపోయాను చిట్టీ” అన్నాడు. “రోజూ అక్కడ కూర్చుని, లేని పని ఉన్నట్టు మౌస్ కదుపుతూ, వెనక ఎవరు నడిచినా గుండె దడదడలాడుతూ... ఎలాగోలా బయటపడిపోతే బాగుండనిపించింది.”

“మరి ఇవాళ ఆవిడ అడిగింది కదా. చెప్పొచ్చు కదా.”

“నోటిదాకా వచ్చింది.”

“వచ్చి?”

అతను వంగి చెప్పు సర్దుకున్నాడు. ఆమె ఒత్తిడి చేయలేదు. మామూలుగా అయితే ఇక్కడ అతని తరఫున జవాబు తనే వెతికిపెట్టేది. ఆవిడ కొత్త మనిషి కదా, మేనేజర్ ముందు మొహమాటం కదా అని. ఈసారి ఊరుకుంది. అలా ఊరుకోవడంలో ఇంత విశ్రాంతి ఉంటుందని తెలీదు.

“నేను కింద ఉండగా మేనేజర్ ఏదో మాట్లాడినట్టున్నాడు నీతో” అన్నాడు అతను.

“సోమవారం నుంచి రమ్మన్నాడు. ఆ కుర్చీలోకే.”

“ఏమన్నావు?”

“వస్తానన్నాను.”

“మంచిదే” అన్నాడు. రెండోసారి ఇంకా మెల్లగా, “మంచిదే” అన్నాడు. నుదురు రుద్దుకోబోయి చెయ్యి దించేశాడు. “మరి నా సంగతి ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“ఏమీ అనకుండా ఎలా ఉంటాడు? కింద కటింగ్ దగ్గర వేస్తాననో, ఇంటికి పొమ్మనో, ఏదో ఒకటి అని ఉంటాడుగా. ఏదైనా ఫర్లేదు, చెప్పు. నువ్వు అడిగితే ఏమన్నాడు?”

బస్సు వచ్చి ఆగింది. దిగేవాళ్ళ కోసం చిట్టి పక్కకి తప్పుకుని, కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

“నేను అడగలేదు” అంది.

వెనక అతను ఎక్కాడో లేదో తిరిగి చూడకుండా, లోపలికి నడిచి, కిటికీ పక్కన దొరికిన ఒక్క సీట్లో కూర్చుంది.